ఒకే చొక్కా మిగిలిన ఖలీఫా – హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ)

దివ్యఖురాన్‌లోని ఖసస్ సూరాలో ఖారూన్ వృత్తాంతం ఉంది. అతని ఖజానా తాళపుచెవులు మోయడానికే బలాఢ్యులు కొందరు కావలసి వచ్చేది. ఒకరోజు అతను సర్వాలంకారాలతో, అట్టహాసంగా జనం ముందుకు వచ్చాడు. చూసినవారిలో ప్రాపంచిక వ్యామోహం గలవారు అతని అదృష్టాన్ని చూసి ఆశపడ్డారు. జ్ఞానవంతులు వారిని వారించారు. చివరికి ఖారూన్‌ను, అతని ఇంటినీ భూమి మింగేసింది. ఆ రోజు పరీక్షకు గురైంది ఖారూన్ ఒక్కడే కాడు. అతన్ని చూసి గుటకలు మింగిన జనం కూడా పరీక్షకు గురయ్యారు. సంపద ప్రదర్శన చేసేవాడు ఒక్కడుంటే, దాన్ని చూసి ఆ దారి పట్టేవారు వందలమంది ఉంటారు.

ఇస్లామీ చరిత్రలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారి నడిచిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన పుట్టింది రాజభోగాల మధ్య. ఆయన నడక చూసి యువతీయువకులు అనుకరించేవారు. ఆయన వాడే సుగంధం ఆయన కన్నా ముందే వీధిలోకి వచ్చేది. అలాంటి వ్యక్తి చేతికి విశాల సామ్రాజ్యం వచ్చింది. వచ్చిన రోజు నుంచే ఆయన సంపద తరగడం మొదలైంది. ఆయనే హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ).

పాలమ్మే ఇంటి ఆడపడుచు

హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతున్నారు. ఒక ఇంట్లో తల్లి తన కూతురితో పాలల్లో నీళ్ళు కలపమని చెబుతోంది. ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడు కదా అని ఆ అమ్మాయి అందుకు ఒప్పుకోలేదు. ఆ మాటలు విన్న ఉమర్ (రజి) మరునాడు ఆ ఇంటి గురించి విచారించి, ఆ అమ్మాయిని తన కుమారుడు ఆసిమ్‌కు చేసుకున్నారు. వంశం అడగలేదు, ఆస్తి అడగలేదు. ఆ దంపతుల కుమార్తె ఉమ్మె ఆసిమ్. ఆమె కడుపున పుట్టిన బిడ్డే మన కథానాయకుడని చరిత్రకారులు చెబుతారు. అంటే పాలమ్మే ఇంటి ఆడపడుచు ఆయనకు అమ్మమ్మ.

తండ్రి వైపు చూస్తే పరిస్థితి వేరు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఉమవీ రాజవంశీకుడు. సుమారు ఇరవై ఏళ్ళు ఈజిప్టు గవర్నర్‌గా ఉన్నారు. పెదనాన్న అబ్దుల్ మలిక్ ఖలీఫా. ఇలా ఆ బాలుడి రక్తంలో రెండు వారసత్వాలు కలిశాయి. ఒకటి అధికారం, ఐశ్వర్యం. రెండవది ఎవరూ చూడని చోట కూడా అల్లాహ్‌కు భయపడే గుణం. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో తేలడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

హిజ్రీ 61 ప్రాంతంలో (క్రీ.శ. 681 ప్రాంతం) ఆయన జన్మించారు. తండ్రి ఆయన్ను చదువు కోసం మదీనా పంపించారు. సాలెహ్ బిన్ కైసాన్ అనే పండితుడు ఆయన గురువు. ఒకరోజు బాలుడు జమాఅత్ నమాజుకు ఆలస్యంగా వచ్చాడు. కారణం అడిగితే తల దువ్వించుకోవడంలో ఆలస్యమైందని తేలింది. గురువు ఈ సంగతి ఈజిప్టుకు రాసి పంపారు. తండ్రి వెంటనే ఒక మనిషిని మదీనాకు పంపారు. వచ్చినవాడు పలకరింపు కూడా లేకుండా ముందు ఆ పిల్లవాడి తల గొరిగించి, తర్వాతే మాట్లాడాడట. నమాజుకు అడ్డొచ్చిన అలంకరణను గవర్నర్ గారు ఆ విధంగా తొలగించారు. ఈ రోజుల్లో మనలో ఎంతమందికి పిల్లల విషయంలో ఆ పట్టుదల ఉంది?

ముప్పై ఒంటెల సామాను

తండ్రి చనిపోయాక అబ్దుల్ మలిక్ ఆయన్ను డమాస్కస్‌కు పిలిపించుకుని, తన కుమార్తె ఫాతిమానిచ్చి నికాహ్ చేశారు. హిజ్రీ 87లో (క్రీ.శ. 706) బావమరిది ఖలీఫా వలీద్ ఆయన్ను మదీనా గవర్నర్‌గా నియమించాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళ ప్రాంతం. కొత్త గవర్నర్ సామాను ముప్పై ఒంటెల మీద వచ్చిందని చరిత్రలో రాశారు. ఆ వయసులో ఆయన వైభవం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

అయితే ఆయన చెడ్డ పాలకుడేమీ కాదు. మదీనాలో అడుగుపెట్టగానే పదిమంది ధర్మపండితులను పిలిచి, వారి సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోనని మాట ఇచ్చారు. ఉర్వా బిన్ జుబైర్, ఖాసిమ్ బిన్ ముహమ్మద్, సాలిమ్ బిన్ అబ్దుల్లాహ్ వంటి మహామహులు వారిలో ఉన్నారు. మస్జిదె నబవీ విస్తరణ పనులు కూడా ఆయన పర్యవేక్షణలోనే జరిగాయి.

కాని అధికారపు మెట్టు మీద నిలబడ్డవాడు ఎంత మంచివాడైనా పైవాడి ఆజ్ఞకు తలవంచవలసి వస్తుంది. ఖుబైబ్ బిన్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ అనే సత్పురుషుణ్ణి శిక్షించమని వలీద్ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉమర్ దాన్ని అమలు చేశారు. కొరడా దెబ్బలు కొట్టించి, చలిలో ఆయన మీద చన్నీళ్ళు పోయించారు. ఆ దెబ్బకు ఖుబైబ్ మరణించారు. ఉమర్ నిలువునా కూలిపోయారు. ఆ పదవిలో ఉండలేకపోయారు. ఆ తర్వాత జీవితాంతం ఎవరైనా ఆయన చేసిన మంచి పనులు గుర్తుచేసి పరలోక శుభవార్త చెప్పబోతే, మరి ఖుబైబ్ సంగతేమిటని అడిగేవారు. హోదా కోసం చెల్లించవలసిన వెల ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది.

ముద్ర వేసిన వీలునామా

హిజ్రీ 99 సఫర్ నెలలో (క్రీ.శ. 717 సెప్టెంబర్) ఖలీఫా సులైమాన్ సిరియాలోని దాబిఖ్ వద్ద మరణశయ్య మీద ఉన్నాడు. రజా బిన్ హైవా అనే పండితుని సలహాపై తన తర్వాత ఉమర్ పేరు, ఆయన తర్వాత యజీద్ పేరు రాసి, కాగితానికి ముద్ర వేశాడు. లోపల ఎవరి పేరుందో తెలియకుండానే ఉమవీ వంశీకులంతా ఆ వీలునామాకు ప్రమాణం చేశారు. సులైమాన్ మరణానంతరం దాన్ని విప్పి చదివితే ఉమర్ పేరు వినిపించింది. అబ్దుల్ మలిక్ కుమారులు కొందరికి అది మింగుడుపడలేదు. ఉమర్‌కు అంతకన్నా మింగుడుపడలేదు. భారం మీద పడిందని ఆయన ఇన్నాలిల్లాహ్ చదివారు.

అంత్యక్రియలు ముగిశాక ఖలీఫా కోసం అలంకరించిన గుర్రాలను తెచ్చి నిలబెట్టారు. తన వాహనం తనకు చాలన్నారు. ఆ గుర్రాలను అమ్మి సొమ్మును బైతుల్ మాల్ (ప్రజా ఖజానా)లో జమ చేయించారు. ముందు ఈటె పట్టుకుని నడిచే భటుణ్ణి తప్పుకోమన్నారు. రాజడేరాలు, తివాచీలు అన్నీ ఖజానాకు చేరాయి. వందల దిర్హమ్‌ల వస్త్రం కూడా ముతకగా ఉందని పక్కన పెట్టిన మనిషి ఆయన. ఖలీఫా అయ్యాక తలపాగా మొదలుకొని ఆయన ఒంటిమీది బట్టలన్నిటికీ విలువ కడితే పన్నెండు దిర్హమ్‌లైందని రజా బిన్ హైవా చెప్పారు.

ఇంతవరకు చేసేవారు చరిత్రలో మరికొందరు కూడా కనిపిస్తారు. తాను ముతక బట్ట కట్టుకోవడం ఒక మెట్టు మాత్రమే. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

పత్రాలు కత్తిరించిన రోజు

ఉమవీ కుటుంబాల చేతిలో లెక్కలేనన్ని భూములు ఉండేవి. అందులో చాలావరకు ముస్లిం సమాజం మొత్తానికి చెందవలసిన ఆస్తి. ఖలీఫాలు ఒకరి తర్వాత ఒకరు తమవారికి రాసిచ్చుకుంటూ పోయారు. ఉమర్ వాటిని ఆస్తులుగా పరిగణించలేదు. అన్యాయంగా లాక్కున్న ప్రజల హక్కులుగా పరిగణించారు.

మొదట తన ఇంటి నుంచే మొదలుపెట్టారు. తన సేవకుడు ముజాహిమ్‌ను కూర్చోబెట్టుకున్నారు. అతను ఒక్కొక్క భూమి పత్రం చదువుతుంటే ఆయన కత్తెరతో దాన్ని కత్తిరిస్తూ పోయారు. జుహ్ర్ అజాన్ వినిపించేదాకా ఆ పని సాగింది. దైవప్రవక్త (స) కాలంలో ఉన్న స్థితికి ఫదక్ తోటను మళ్ళించారు. తన సొంత భత్యం ఖర్చు పెట్టి బాగు చేసుకున్న సువైదా భూమి వంటి కొద్దిపాటి ఆస్తి మాత్రమే ఉంచుకున్నారు. ఆయన కుమారుడు అబ్దుల్ అజీజ్ తర్వాతి కాలంలో అబ్బాసీ ఖలీఫా మన్సూర్‌కు ఈ లెక్క చెప్పారు: ఖిలాఫత్ స్వీకరించేనాటికి తండ్రిగారి ఆదాయం 40,000 దీనార్లు, మరణించేనాటికి 400 దీనార్లు.

తర్వాత ఆయన దృష్టి భార్య నగల మీద పడింది. ఫాతిమా సామాన్యురాలు కాదు. ఖలీఫా కూతురు, ఖలీఫాల చెల్లెలు, ఖలీఫా భార్య. తండ్రి ఆమెకిచ్చిన విలువైన ఆభరణం ఒకటి ఉండేది. అది బైతుల్ మాల్‌కు ఇచ్చెయ్యాలని, లేదా తాను విడిగా ఉంటానని ఉమర్ ఆమె ముందు పెట్టారు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ నగ ఖజానాకు చేరింది.

ఆ తర్వాత బంధువుల వంతు. వారి భూములు తిరిగి తీసుకున్నారు. వారికొచ్చే ప్రత్యేక భత్యాలు ఆగిపోయాయి. సామాన్య ముస్లింకు ఎంత వస్తుందో ఖలీఫా బంధువుకూ అంతే అన్నారు. ఉమవీలు అట్టుడికిపోయారు. చివరికి కుటుంబంలో అందరూ గౌరవించే మేనత్తను రాయబారానికి పంపారు. ఆమె మాట విన్నాక ఆయన ఒక దీనారు, ఒక మాంసపు ముక్క తెప్పించారు. దీనారును నిప్పులో ఎర్రగా కాల్చి మాంసం మీద పెట్టారు. మాంసం చుయ్యిమని కాలింది. రేపు ప్రళయదినాన తనకు ఇలాంటి వాతే పడకుండా తప్పించమని మేనత్తను వేడుకున్నారు. ఆమె మారుమాట లేకుండా వెళ్ళిపోయింది.

ఆయన కుమారుడు అబ్దుల్ మలిక్ యువకుడు, దైవభీతి గలవాడు. సులైమాన్ అంత్యక్రియల అలసటతో తండ్రి కాసేపు పడుకోబోతే, జుహ్ర్ దాకా బతికి ఉంటారన్న భరోసా ఎవరిచ్చారని అడిగి లేపాడు. సంస్కరణలన్నీ ఒక్కసారే పూర్తి చేయమని ఒత్తిడి చేసేవాడు. సత్యాన్ని ఒక్క ఊపున జనం మీద రుద్దితే వారు ఒక్కసారే దాన్ని వదిలేస్తారని తండ్రి భయపడ్డారు. కుమారుడి తొందర, తండ్రి వివేకం రెండూ అల్లాహ్ కోసమే. ఆ కుమారుడు తండ్రి కళ్ళముందే నిండు యవ్వనంలో కన్నుమూశాడు.

మూడో మనిషి మాట

ఆ కాలంలో సమాజంలో పెద్ద అగాధం ఒకటుండేది. అరబ్బేతరులు ఇస్లాం స్వీకరించినా వారిని తక్కువగానే చూసేవారు. వారిని మవాలీలు అనేవారు. ముస్లింలైనా చాలాచోట్ల వారి నుంచి జిజియా వసూలు చేయడం మానలేదు. వారు జిజియా కట్టకపోతే ఖజానా ఆదాయం పడిపోతుందని అధికారుల వాదన.

ఒకసారి ఖురాసాన్ నుంచి ముగ్గురు ప్రతినిధులు వచ్చారు. ఇద్దరు అరబ్బులు, ఒకరు మవాలీ. ఇద్దరు అరబ్బులూ మాట్లాడారు. మూడో మనిషి మౌనంగా కూర్చున్నాడు. ఖలీఫా అతని వైపు తిరిగి, నువ్వూ ప్రతినిధివేగా, ఎందుకు మాట్లాడవని అడిగారు. అతని పేరు అబుస్సైదా. అప్పుడు అతను నోరు విప్పాడు. ఖురాసాన్‌లో ఇరవై వేలమంది మవాలీలు జీతం, తిండి గింజలు లేకుండా సైన్యంలో పోరాడుతున్నారు. దాదాపు అంతేమంది కొత్తగా ఇస్లాం స్వీకరించినా వారి నుంచి జిజియా గుంజుతున్నారు. ఖలీఫా వెంటనే గవర్నర్ జర్రాహ్‌కు ఉత్తర్వు పంపారు. ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసే ఎవరి నుంచీ జిజియా తీసుకోరాదు. దైవప్రవక్త (స)ను అల్లాహ్ సన్మార్గం చూపడానికి పంపాడేగాని పన్నులు వసూలు చేయడానికి కాదన్నది ఆయన భావన. జర్రాహ్ ఆ తర్వాత పదవి నుంచి తొలగించబడ్డాడు.

సోదరులారా! ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ మూడో మనిషిని అడగకపోయి ఉంటే ఇరవై వేలమంది గోడు ఆ సభలో వినిపించేది కాదు. సభలో గొప్పవాళ్ళు మాట్లాడటం ఎప్పుడూ ఉన్నదే. వెనక కూర్చున్నవాణ్ణి పిలిచి అడగడమే అరుదు.

సుగంధం, ఉంగరం, దీపం

ఆయన దైనందిన జీవితం నుంచి మూడు సంఘటనలు చాలు. ఒకసారి బైతుల్ మాల్‌కు చెందిన కస్తూరిని ఆయన ముందుకు తెచ్చారు. ఆయన ముక్కు మూసుకున్నారు. చూసినవారు ఆశ్చర్యపోతే, కస్తూరి వల్ల కలిగే లాభం దాని వాసనే కదా అన్నారు. ఒకప్పుడు సుగంధానికి పేరుమోసిన మనిషి ప్రజల సొమ్ము వాసన కూడా పీల్చడానికి ఇష్టపడలేదు.

ఆయన కుమారుడొకరు వెయ్యి దిర్హమ్‌లు పెట్టి ఉంగరపు రాయి కొన్నాడని తెలిసింది. దాన్ని అమ్మి వెయ్యిమంది ఆకలిగొన్నవారికి అన్నం పెట్టమని, తాను ఒక దిర్హమ్ విలువైన ఇనుప ఉంగరం పెట్టుకోమని రాసి పంపారు. ఒక ఉంగరంలో వెయ్యి కడుపులు ఆయనకు కనిపించాయి.

ఒక రాత్రి ఇంట్లో అతిథి ఉండగా దీపం కొడిగట్టింది. సేవకుడు నిద్రపోతున్నాడు. లేపుతానన్నాడు అతిథి. వద్దన్నారు. తాను సరిచేస్తానన్నాడు. అతిథి చేత పని చేయించుకోవడం మర్యాద కాదన్నారు. తానే లేచి నూనె పోసి వచ్చి కూర్చున్నారు. లేచినప్పుడూ ఉమర్‌నే, కూర్చున్నప్పుడూ ఉమర్‌నే, ఏమీ తగ్గలేదు కదా అన్నది ఆయన భావం. దీపంలో నూనె పోస్తే తరిగిపోయే గౌరవమైతే అది గౌరవమే కాదు.

ఇంటి పరిస్థితి ఎలా ఉండేదంటే, ఒక రాత్రి కూతుళ్ళ దగ్గరికి వెళ్తే వారు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఇంట్లో పప్పు, ఉల్లిపాయలు తప్ప తినడానికేమీ లేకపోయిందని, ఆ వాసన తండ్రికి తగలకూడదని అలా చేశారని తెలిసింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అయినా ఖజానా తలుపు తెరవలేదు.

మరి ప్రజల సంగతి? జకాత్ వసూలు కోసం ఉత్తర ఆఫ్రికాకు పంపిన యహ్యా బిన్ సయీద్ అక్కడ జకాత్ తీసుకునే పేదలే దొరకలేదని, ఆ సొమ్ముతో బానిసలను కొని విముక్తి చేశానని చెప్పారు. పాలకుని ఇంట్లో ఉల్లిపాయలు, ప్రజల ఇళ్ళలో సమృద్ధి. ఖారూన్ కథకు ఇది సరిగ్గా తలకిందులు.

చివరి చొక్కా

రెండేళ్ళ అయిదు నెలలు మాత్రమే ఆయన పాలించారు. హిజ్రీ 101లో జబ్బుపడ్డారు. ఆయనకు విషం పెట్టించారన్న కథనాలు చరిత్ర గ్రంథాల్లో ఉన్నాయి. విషం పెట్టిన సేవకుణ్ణి పిలిచి, అతను తీసుకున్న లంచం సొమ్మును బైతుల్ మాల్‌లో వేయించి, అతన్ని వెళ్ళిపొమ్మన్నారని కూడా రాశారు.

బావమరిది మస్లమా పరామర్శకు వచ్చాడు. ఖలీఫా ఒంటిమీది చొక్కా మాసిపోయి ఉంది. ఉతికించమని చెల్లెలు ఫాతిమాకు చెప్పాడు. మరోసారి వచ్చి చూస్తే అదే చొక్కా. కోపగించుకుంటే, ఆయనకు అది తప్ప మరో చొక్కా లేదని ఆమె చెప్పింది. చీకటి మీద చీకటిలా మూడు ఖండాలకు విస్తరించిన రాజ్యం, దాని ఏలికకు ఒకే చొక్కా.

పిల్లలకు ఏమీ మిగల్చలేదేమని మస్లమా అడిగాడు. పిల్లలు సజ్జనులైతే అల్లాహ్ చూసుకుంటాడని, దుర్జనులైతే వారి పాపానికి తాను సాయపడనని ఆయన సమాధానమిచ్చారు. సమాధి స్థలాన్ని కూడా ఉచితంగా తీసుకోలేదు. దైర్ సిమ్ఆన్‌లో ఒక ముస్లిమేతరుని దగ్గర ధర చెల్లించి కొన్నారు. హిజ్రీ 101 రజబ్ నెలలో (క్రీ.శ. 720 ఫిబ్రవరి) పరమపదించారు. అప్పటికి ఆయన వయసు నలభై ప్రాంతం.

ఆయన తర్వాత యజీద్ ఖలీఫా అయ్యాడు. చాలా సంస్కరణలు వెనక్కి మళ్ళాయి. యజీద్ తన తోబుట్టువు ఫాతిమాకు ఆ పాత నగను తిరిగి ఇస్తానన్నాడు. భర్త బతికుండగా మాట విని, ఆయన పోయాక మాట తప్పలేనని ఆమె తీసుకోలేదు. రాజ్యం ఆయన దారి వదిలేసింది. ఆ ఇల్లాలు మాత్రం వదల్లేదు.

మన ఇళ్ళకు పాఠం

ఇస్లాంలో సంపద నిషిద్ధం కాదు. హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గొప్ప ధనవంతులే. శుభ్రమైన బట్ట కట్టుకోవడమూ తప్పు కాదు. ఉమర్ (రహ్మ) జీవితం మన ముందు రెండు ప్రశ్నలు పెడుతుంది. ఈ సొమ్ము నా దగ్గరికి ఎవరి హక్కు మీదుగా వచ్చింది? దీన్ని చూపించి నేను ఎవరిని చిన్నబుచ్చుతున్నాను?

మన పెళ్ళిళ్ళ విషయమే తీసుకోండి. అమ్మాయి తండ్రి దగ్గర జోడా సొమ్ము పుచ్చుకుని, ఆ సొమ్ముతోనే పెద్ద ఫంక్షన్ హాల్లో విందు చేసి, ఊరంతా మెచ్చుకుంటుంటే పొంగిపోయే ఇళ్ళు మన మధ్య లేవా? ఆ విందులో వడ్డించిన ముద్ద ఎవరి అప్పు నుంచి వచ్చిందో ఒక్కసారైనా ఆలోచించామా? ప్రజల కస్తూరి వాసనకే ముక్కు మూసుకున్న మహనీయుని వారసులం మనం. పక్కింటి పేదవాడు అది చూసి తన కూతురి పెళ్ళికి వడ్డీకి అప్పు తెస్తే, ఆ పాపంలో మనకు భాగం లేదని ధీమాగా చెప్పగలమా?

ఫాతిమా తన నగ విషయంలో ఏమి చేసిందో మన తల్లులు, చెల్లెళ్ళు పిల్లలకు చెప్పాలి. ఇంట్లో మార్పు వస్తే వీధిలో మార్పు వస్తుంది. కనీసం మన ఇంట్లో జరిగే తదుపరి నికాహ్ జోడా లేకుండా, అప్పు లేకుండా, వలీమాకు పేదలను కూడా పిలిచి జరుపుకుందామని ఈ రోజే కుటుంబమంతా కూర్చుని నిర్ణయించుకోండి.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదన, దాన్ని సద్వినియోగం చేసే బుద్ధి ప్రసాదించుగాక! ఆడంబరపు వ్యామోహం నుంచి మన ఇళ్ళను కాపాడుగాక! ఆమీన్.